లారీ కొని చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. "లారీ కొని చూడు" అని కూడా అని ఉందురు. పాపం, ఆ రోజుల్లో లారీలు లేవు.

ఈ మాట ఎందుకు తోచిందంటే, నిరుడు సంక్రాంతి వెళ్ళిన వారానికి అంబాజీపేట నుంచి మా అక్కయ్యా, మేనల్లుడూ కాకినాడలో మా ఇంట దిగారు. కాఫీలయ్యాక వాడు సంచీలోంచి లారీల రంగురంగుల కాగితాలు తీశాడు. అదే సంచీలోంచి అక్కయ్య కొబ్బరితోట దస్తావేజు తీసింది. నా గుండె గతుక్కుమంది.

"కొత్త లారీ కొంటున్నాను మామయ్యా. ఆరు చక్రాలది. మహారాష్ట్రకి కొబ్బరికాయ తోలతాను" అన్నాడు వాడు.

"ఎకరం అమ్మితే ముందు కట్టే సొమ్ముకు సరిపోతుందిట. మిగతాది ఫైనాన్సు వాళ్ళిస్తారుట" అంది అక్కయ్య, నా మొహంకేసి చూడకుండా.

ఎందుకు చూడలేదో నాకు తెలుసు. మా నాన్నగారు 1974లో ఒక లారీ కొన్నారు. బెజవాడలో బాడీ కట్టించి, బంతిపూల దండలు వేసి ఇంటికి తెచ్చిన రోజున ఊరంతా వచ్చి చూసింది. రెండేళ్ళకు వాయిదాలు తప్పాయి. అప్పిచ్చినవారు బండిని పట్టుకుపోయిన రోజున మటుకు ఎవరూ రాలేదు. అమ్మ కాసులపేరు అప్పుడు వెళ్ళిందే, మళ్ళీ తిరిగి రాలేదు. నాన్నగారు చేసిన పొరపాటు ఒక్కటే. లారీ ఎంతకొస్తుందని అడిగారు గాని, తిరిగొచ్చేటప్పుడు ఏం తెస్తుందని అడగలేదు.

నేను వద్దనలేదు. వద్దంటే కుర్రవాళ్ళకు పట్టుదల పెరుగుతుంది. కాగితం, పెన్సిలు తెమ్మన్నాను.

మొదట బరువు. ఇలాంటి లారీ మొత్తం బరువు 16.2 టన్నులు దాటకూడదనేవారు. 2018లో దాన్ని 18.5 టన్నులు చేశారు.

"అయితే పద్దెనిమిదిన్నర టన్నుల కాయ వేస్తాను!"

"బండిని ఇంటిదగ్గర వదిలేసి వేస్తావా?" అన్నాను. ఇంజను, బాడీ, డీజిలు, డ్రైవరు, క్లీనరు అందరూ ఆ లెక్కలోవారే. వాళ్ళు పోను మిగిలిందే కిరాయి తెచ్చే బరువు. మీరి వేస్తే, 2019 సవరణ చట్టంలో జరిమానా 20,000 రూపాయలు. ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున.

తరవాత డీజిలు. నాసిక్ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. నిండు బరువుతో లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇస్తుందనుకున్నా, 200 లీటర్ల పైన తాగుతుంది. లెక్క సులువుకు లీటరు నూరు రూపాయలనుకుంటే, పోయేదారికే ఇరవై వేలు దాటింది. టోలు, టైర్లు, డ్రైవరు బత్తా వేరే. ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్. బండి కదిలితే ఇంత. కదలకపోయినా ఇన్సూరెన్సూ, నెల వాయిదా ఆగవు. వాటికి వానా లేదు, పండగా లేదు.

"పోయేటప్పుడు కాయ సరే. వచ్చేటప్పుడో?"

"ఏదో ఒకటి దొరుకుతుంది మామయ్యా."

అక్కయ్య తలెత్తి నాకేసి చూసింది. నాన్నగారి మాట అది, అక్షరం పొల్లు పోలేదు.

"ఎవరి లారీలోనైనా డ్రైవరు పక్కన కూర్చుని మూడు ట్రిప్పులు వెళ్ళిరా. అప్పుడు దస్తావేజు నేనే తీసి ఇస్తాను" అని దాన్ని నా బీరువాలో పెట్టాను.

వాడు వెళ్ళాడు. మూడోసారి తిరిగొచ్చేసరికి మొహం నల్లబడింది. జేబులో చిన్న నోటుబుక్కు వెలిసింది. మొదటిసారి ఉల్లిపాయల లోడు కోసం నాలుగు రోజులు పడిగాపులు పడ్డారట. రెండోసారి షోలాపూర్ దాకా ఖాళీ బండే. మూడోసారి తాడేపల్లిగూడెం ఉల్లి వ్యాపారి ఒకాయన పరిచయమై, సరుకిచ్చాడట.

"కొంటే ఏ.సి. క్యాబిన్ ఉన్నదే కొంటాను. కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు అది ఉండి తీరాలిట. ఎండలో ఆ రేకుల పెట్టెలో పడుకుని చూశాను మామయ్యా. డ్రైవరుకు నిద్ర లేకపోతే మన లెక్కలన్నీ దండగ" అన్నాడు. ఆ మాట నా కాగితంలో లేదు.

"ఎప్పుడు కొంటావు?"

"ఏడాది ఆగి. ఆ ఉల్లి వ్యాపారి సరుకు కిరాయి లారీల్లో తోలి, నెలకు నికరంగా ఎన్ని లోడ్లు వస్తాయో చూసి."

"మరి తోట?"

వాడు నవ్వాడు. "తోట అమ్మేస్తే పోయేటప్పుడు వేసే కాయ ఎక్కడిది?"

దస్తావేజు ఇంకా నా బీరువాలోనే ఉంది. మొన్న అక్కయ్య వచ్చింది గాని, దాని ఊసెత్తలేదు. కొబ్బరికాయలు మటుకు ఒక బస్తా తెచ్చింది.