గండిపేట చెరువు చెంత ఒక రాత్రి

కార్వాన్ అనగా బిడారు. గోలకొండ సుల్తానుల కాలమున దూరదేశముల వర్తకులు సరకులతో వచ్చి బస చేసిన చోటగుటచే మా పేటకు ఆ పేరు కలిగినది. రత్నముల వ్యాపారమునకు ఇది ప్రసిద్ధి. ఆరుబయట డేరా వేసి రాత్రి గడపుట మా పేటకు పేరుతోనే పుట్టిన విద్య. అయినను ఇరుకు గల్లీలలో పెరుగు మా పిల్లలకు నేడు నక్షత్రములు నిండిన ఆకాశమే అపూర్వము. కావున నిరుడు చలికాలమున మేము కొందరు తల్లిదండ్రులము పిల్లలను వెంటబెట్టుకొని గండిపేటకు పోవ నిశ్చయించితిమి.

మా అత్తగారు మాత్రము అంగీకరింపలేదు. “నీళ్లను నమ్మొద్దు బిడ్డా” అని ఆమె మాట. ఆ భయమునకు కారణము లేకపోలేదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచినపుడు సుమారు 15,000 మంది మృతినొందిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నెక్కినవారు 150 మంది బ్రతికిరని ప్రసిద్ధి. మా అత్తగారి నాయనమ్మకు తోబుట్టువులు ఇద్దరు ఆ వరదలో పోయిరి. వారికి ఏ చెట్టును దొరకలేదు.

ఆ ఆపదకు విరుగుడుగానే ఈ చెరువు పుట్టినదని నేను ఆమెకు విన్నవించితిని. 1909లో నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఎగువన జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని ఆయన సలహా ఇచ్చిరి. దాని ఫలముగా మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఉస్మాన్‌సాగరునే జనులు గండిపేట చెరువందురు. అంతయు విని ఆమె, “ఆ కట్ట నేనే చూస్త, పదండి” అని చీరె సర్దుకొని లేచెను.

చెరువు మా పేటకు 20 కిలోమీటర్ల లోపలనే యున్నది. నీటికి దూరముగ ఒక తోటలో, యజమాని అనుమతితో డేరాలు వేసితిమి. పెద్దపిల్లలు మేకులు దిగగొట్టిరి. చిన్నవారు పుల్లలేరి తెచ్చిరి. మూడురాళ్ల పొయ్యిపై కాల్చిన జొన్నరొట్టెలు, వంకాయకూర ఆ చలిలో ఎంత రుచించెనో చెప్పజాలను. దీపములు ఆర్పిన పిమ్మట పిల్లలు చుక్కలను లెక్కింపబూని, నూరు దాటకమునుపే నిద్రించిరి.

ఉదయమున ఒక బాలుడు, “ఇంత నీరుండగా స్నానమేల చేయరాదు?” అని అడిగెను. ఇది త్రాగునీటి చెరువనియు, దీని నీరు పల్లమునకు తానే పారునట్లు కాలువ కట్టి మన పేటకు సమీపమున నున్న ఆసిఫ్‌నగరు శుద్ధికేంద్రమునకు చేర్చిరనియు చెప్పితిని. ఎగువవాడు సబ్బు కలిపిన, దిగువవాడు త్రాగవలసివచ్చును. బాలుడు మారుమాటాడక ఎంగిలి విస్తళ్లను, కాగితములను ఏరి సంచిలో వేయసాగెను. తక్కినవారును అతనిని అనుసరించిరి.

మా అత్తగారు కట్టకు చేరువగా చెప్పులు విడిచి చాలసేపు నిలిచిరి. పిదప మెల్లగా, “ఈడ ఆగినవా తల్లీ” అనిరి. అంతకుమించి ఒక్క మాటయు పలుకలేదు.

నాటినుండి మా ఇంట కుళాయి వృథాగా కారిన, మొదట లేచి కట్టువారు ఆమెయే. విద్యార్థులారా, మీరును సెలవులలో మీ పెద్దలను పిలుచుకొని ఇట్టి విహారము చేయుడు. వారు రామన్నచో ఎందులకని అడుగుడు. ఆ కథయు వినదగినదే.