రెండు కార్లు

మా నాన్నగారు తెనాలిలో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. ప్రబంధాలలోని వర్ణనలమీద పరిశోధన చేసిన నాకు, గాంభీర్యమన్న మాట వినగానే ఈనాటికీ ఆ తెల్లకారే మనసులో మెదులుతుంది. నవ్వకండి. గుండ్రని వీపుతో, ఉబ్బిన బుగ్గలతో అది మోకరిల్లిన ఏనుగులా ఉండేది.

ఇంగ్లాండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దానికి మాతృక. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో తయారయ్యేది. 1489 సి.సి. ఇంజను శక్తి పొడవైన షాఫ్టు ద్వారా వెనుక చక్రాలకు చేరేది. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండటంవల్ల ముందు సీటు బల్లలాగా ఒకటిగా సాగేది. అందులో ఎందరు పెళ్ళివారు పట్టేవారో నాన్నగారికే తెలియాలి! వీధిలో ఎవరికి పురిటినొప్పులు మొదలైనా అర్ధరాత్రి మా తలుపే తట్టేవారు. కారు మాదే కాని, అది వీధి అందరిదీ.

1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ అందజేశారు. జపాను సుజుకీ సంస్థ పరిజ్ఞానంతో వచ్చిన ఆ కారు ఇంజను 796 సి.సి. మాత్రమే. అది ముందు చక్రాలనే తిప్పుతుంది. వెనుకకు షాఫ్టు అక్కరలేదు. అందువల్లనే అంత చిన్న కారులోనూ నలుగురికి చోటు దొరికింది. కొన్నవారు తామే నడుపుకొనేవారు. నాన్నగారికి అదే ముల్లయింది. ఏటా కిరాయికి పిలిచే ఇళ్ళముందు ఒక్కొక్కటిగా మారుతులు వెలిశాయి. ఆయన వాటిని 'అగ్గిపెట్టెలు' అనేవారు. 1998లో టాక్సీ అమ్మేశారు. కొన్నవారు తోలుకొనిపోతుంటే గదిలోనుండి బయటకు రాలేదు. (చిత్రమేమంటే, ఆ రెండు కార్ల తయారీ కూడా 2014లోనే ఆగిపోయింది.)

2001లో నేను ఒక పాత మారుతి 800 కొన్నాను. నా జీతానికి అందినది అదే. అయినా ఆయన బ్రతుకుతెరువును పలుచన చేసిన కారునే ఇంటికి తెస్తున్నానన్న సంకోచంతో ముందుగా చెప్పలేకపోయాను.

గుమ్మంముందు ఆగిన కారు చుట్టూ ఆయన ఒకసారి తిరిగారు. బానెట్ ఎత్తమన్నారు. "ఇంజను అడ్డంగా పెట్టాడే!" అన్నారు. ఆ గొంతులో ప్రత్యర్థిపట్ల ఉండే గౌరవం వంటిదేదో ధ్వనించింది. తరువాత తాళం అడిగి తీసుకొని తానే లోపల కూర్చున్నారు. ఇంజను మెత్తగా మొదలైంది. ఆయన ఎడమచేయి అలవాటుగా స్టీరింగు పక్కకు వెళ్ళి, అక్కడ రాడ్డు లేక గాలిలో ఆగిపోయింది.

"కింద ఉంది నాన్నగారూ" అన్నాను.

"తెలుసులేరా" అన్నారు.