టికెట్టు కొంటే... 400 ఏళ్లు వెనక్కి!

గేటు దాటగానే ఈకల టోపీ కాపలాదారు వంగి స్వాగతం పలుకుతాడు, 'దయచేయండి దొరవారూ' అంటూ. లోపల కొలిమి దగ్గర కమ్మరి ఇనుము సాగగొడుతుంటాడు. మరోపక్క కవచాలు తొడుక్కున్న వీరులు గుర్రాలమీద ఈటెలతో తలపడుతుంటారు. అంతలో మొదటి ఎలిజబెత్ మహారాణి ఊరేగింపు!

ఇదంతా ఇంగ్లండులో అనుకునేరు... కాదు, అమెరికాలో. పేరు 'రినైజాన్స్ ఫెయిర్'.

ఈ సంతకు బీజం పడింది ఓ ఇంటి పెరట్లో. లాస్‌ఏంజెలిస్‌లో ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచర్ పిల్లలతో పాతకాలపు ఇటలీ హాస్యనాటికలు వేయించేవారు. ఆ సరదాయే పెరిగి పెద్దదైంది. 1963 మే నెలలో భర్త రాన్‌తో కలిసి, ఓ రేడియో స్టేషన్‌కు విరాళాల కోసం తొలి సంత పెట్టారామె. తర్వాత చాలా ఏళ్లు అగౌరా కొండల్లో జరిగింది. ఆ చోటు పోయినా సంత ఆగలేదు. 2005లో ఇర్విన్‌డేల్‌కు చేరింది. 1974లో టెక్సాస్‌లోని టాడ్ మిషన్‌లో మొదలైన మరో సంతకైతే ఏటా లక్షల మంది వస్తారు.

చరిత్ర తెలుసుకోవడానికే అయితే మ్యూజియం చాలు. ఇక్కడ చూడవచ్చినవాళ్లూ వేషం కట్టొచ్చు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే గుమస్తా ఆదివారం సామంతరాజు. సముద్రపు దొంగలూ, రెక్కల దేవకన్యలూ కలిసిపోయినా అడిగేవారుండరు. చేత్తో కుండలు చేసేవారికీ, తోలు కుట్టేవారికీ ఊరూరా తిరిగే ఈ సంతలే బతుకుతెరువు. కొనేవాళ్లు వస్తువుతోపాటు దాన్ని చేసిన చేతుల్నీ చూస్తారు.

సాయంత్రానికి కిరీటం తీసి కారెక్కాల్సిందే. అయితేనేం... వచ్చే ఏటికి కొత్త వేషం ఏమిటన్నది దార్లోనే తేలిపోతుంది!