రెండు దేశాల సెప్టెంబర్ 17

తెల్లాపూర్,
సెప్టెంబర్ 9

అన్నా,

నీ మెయిల్ రాత్రి చదివాను. పోస్టులో వేస్తే 17వ తారీఖు దాటిపోతుంది కాబట్టి చేత్తో రాసి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను. బిడ్డకు నువ్వే చదివి వినిపించు.

17న వార్సాలో బిడ్డ క్లాసులో ఒక్కొక్కరూ తమ ఇంటి యుద్ధం ముచ్చట చెప్పాలని టీచరమ్మ అన్నదట. ఒక పిల్లవాడి ముత్తాత 1944 వార్సా తిరుగుబాటులో పోరాడాడు. ఒక అమ్మాయి వాళ్ల ముత్తవ్వను సైబీరియాకు తోలారు. పక్క బెంచీలో కూర్చునే ఉక్రెయిన్ పిల్లకు యుద్ధం ఇంకా ముగియనే లేదు. "మనకైతే చెప్పడానికి ఏం లేదు కదా డాడీ" అని బిడ్డ అంటే నీకు జవాబు తోచలేదని రాశావు. అన్నా, ఆమెకు చెప్పడానికి చాలా ఉంది. తన క్లాసులో ఇంకెవరూ చెప్పలేనిది ఉంది. ఆమెకు అర్థమయ్యే వరుసలోనే రాస్తున్నాను.

ముందు వాళ్ల 17 సంగతి. 1939 సెప్టెంబర్ 1న పడమటి దిక్కు నుంచి హిట్లర్ సైన్యం పోలండ్ మీద పడింది. 17న తూర్పు నుంచి స్టాలిన్ సైన్యం వచ్చింది. ఆ దేశాన్ని ఎలా పంచుకోవాలో వాళ్లిద్దరూ ముందే రహస్యంగా రాసుకున్నారు. 1940 ఫిబ్రవరి నుంచి తూర్పు పోలండ్‌లో రాత్రిపూట తలుపులు తట్టి, పిల్లాజెల్లాను గూడ్సు బండ్లెక్కించి సైబీరియాకు, కజకిస్తాన్‌కు పంపడం మొదలైంది. 1941 జూన్ దాకా అలా లక్షల మందిని తోలారు. 1940లోనే కతిన్ అడవిలో, ఇంకొన్ని చోట్ల దాదాపు 22 వేల మంది పోలిష్ సైనికాధికారులను, పోలీసులను, చదువుకున్నవాళ్లను కాల్చి పూడ్చిపెట్టారు. అది తమ పనేనని మాస్కో ఒప్పుకున్నది 1990లో. అప్పటిదాకా ఆ ఇళ్లలో తండ్రి ఎవరి చేతిలో పోయాడో బయట అనడానికి లేదు.

నేనూ వార్సాలో ఉన్న రోజుల్లో మురానోఫ్స్కా వీధిలో మనిద్దరం చూసిన స్మారకం నీకు గుర్తుండే ఉంటుంది. పట్టాల మీద పైకప్పు లేని రైలు పెట్టె, దాని నిండా కిక్కిరిసిన శిలువలు. వాటి నడుమ ఒక యూదుల సమాధి రాయి, ఒక ముస్లిం గుర్తు కూడా ఉన్నాయి. పట్టాల కింది స్లీపర్ల మీద ఊళ్ల పేర్లు. నువ్వు వంగి ఒక్కో పేరూ కూడబలుక్కుని పైకి చదివావు. దాన్ని ఆవిష్కరించిందీ ఒక సెప్టెంబర్ 17నే, 1995లో. బిడ్డను ఈ ఆదివారం అక్కడికి తీసుకుపో. నువ్వు కూడబలుక్కున్న పేర్లు ఆమె గడగడా చదివేస్తుంది.

ఇక మన దేశం సంగతి. 1941లో హిట్లర్ స్టాలిన్ మీదికే తిరిగాక సైబీరియాకు తోలిన ఆ బందీలకు విడుదల దొరికింది. జనరల్ అండర్స్ వాళ్లతో సైన్యం కట్టి 1942లో ఇరాన్‌కు దాటించాడు. సైనికుల వెంట ఆడవాళ్లు, తల్లిదండ్రులు పోయిన పిల్లలు వచ్చారు. ఆ పిల్లల్లో కొందరు ట్రక్కుల్లో క్వెట్టా మీదుగా మన దేశం చేరారు. గుజరాత్‌లో నవానగర్‌ను ఏలే జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ జామ్‌నగర్ దగ్గర బాలాచడీలో వాళ్లకు ఇళ్లు కట్టించాడు, బడి పెట్టించాడు. పిల్లలు ఆయన్ను బాపు అని పిలిచారు. రోజూ పాలకూర పెడుతున్నారని పిల్లలంతా అన్నం మానేసి కూర్చుంటే, ఇక ఆ కూర వండొద్దని ఆయన వంటవాళ్లకు చెప్పిన ముచ్చటను వాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా చెప్పుకున్నారు. కొల్హాపూర్ పక్కన వలివడేలో ఇంకా పెద్ద శిబిరం, దాదాపు 5 వేల మంది. 1943 నుంచి 1948 దాకా అక్కడ చర్చి, బళ్లు, నాటకాలతో ఒక చిన్న పోలండే నడిచింది. యుద్ధం ముగిసినా వాళ్లలో చాలామంది ఇంటికి పోలేకపోయారు. సరిహద్దు పడమటికి జరిగి వాళ్ల ఊళ్లు సోవియట్ చేతికి పోయాయి. ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు చెదిరిపోయారు.

మీ వార్సాలోని ఓఖోటాలో మంచి మహారాజు పేరున్న చిన్న పార్కు ఈ జామ్ సాహెబ్‌దే. 2024 ఆగస్టులో మన ప్రధాని వచ్చి పూలు పెట్టినప్పుడు నువ్వూ ఆ గుంపులో నిలబడ్డావు. 45 ఏళ్ల తర్వాత భారత ప్రధాని పోలండ్ రావడం అదే.

గుజరాత్, మహారాష్ట్రల సంగతి సరే, మన హైదరాబాద్‌ది ఏముందని బిడ్డ అడుగుతుంది. ఉంది. ఇంగ్లండు వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు ఉండేది. హైదరాబాద్‌ను ఏలిన నిజాం ఇచ్చిన డబ్బుకు గుర్తుగా పెట్టిన పేరది. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉండేది. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్ విమానాలతో పోరు నడిచినప్పుడు ఆ దళం దక్షిణ తీరంలోని వామ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపింది. ఆ పోరులో పాల్గొన్న 145 మంది పోలిష్ పైలట్లలో కొందరు ఈ హైదరాబాద్ స్క్వాడ్రన్‌లో ఉన్నారు. వాళ్లలో సార్జెంట్ జిగ్మున్ట్ క్లైన్ 1940 నవంబర్ 28న సముద్రం మీదికి ఎగిరి మళ్లీ రాలేదు. దేశం పోగొట్టుకున్న పోలిష్ కుర్రవాడు మన నగరం పేరున్న దళంలో ప్రాణం ఇచ్చాడు. ఆ డబ్బు నిజాం ఖజానాది. ఖజానా నింపింది మన తాతలు కట్టిన శిస్తు. మీ తాత ఎద్దులమ్మి కట్టిన రూపాయి కూడా అందులో కలిసే ఉంటుంది.

ఇప్పుడు మన 17 సంగతి. మీ బాపుతో నువ్వు ఎప్పుడూ మాట్లాడనిది ఇదేనేమో. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి ఊరి మీద నిజాం కోసం ఆయుధాలు పట్టిన రజాకార్లు, నిజాం పోలీసులు పడ్డారు. ఊరివాళ్లు బురుజు మీద కాపలా ఉండి, నగారా కొట్టి, అంతకుముందు దాడులను తిప్పికొట్టారు. ఈసారి ఫిరంగి తెచ్చి బురుజును కొట్టారు. వంద మంది దాకా చనిపోయారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. మీ చేర్యాల నుంచి ఎంత దూరమని? అప్పుడు మీ బాపుకు పదేళ్లుంటాయి. పదిహేడు రోజులకు, సెప్టెంబర్ 13న, భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. వాళ్ల దేశాన్ని పంచుకున్న తారీఖు, మన నిజాం ఏలుబడి ముగిసిన తారీఖు ఒకటే, తొమ్మిదేళ్ల తేడాతో.

అక్కడితో ఆపితే బిడ్డకు సగమే చెప్పినట్టు. ఆ 17 తర్వాతి వారాల్లో, మరాఠ్వాడా జిల్లాల్లో ఎక్కువగా, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలు వేలల్లో చనిపోయారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ ఊరూరా తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం ముందుకు రాలేదు. ఇది కూడా చెప్పాలి. పోలండ్ దగ్గర నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే. 1941 జులైలో యెద్‌వాబ్నే అనే ఊళ్లో పోలిష్‌వాళ్లే పొరుగు యూదులను కొట్టంలో పెట్టి తగలబెట్టారు. ఆ నిజం పుస్తకంగా వచ్చినప్పుడు దేశమంతా కొట్టుకున్నంత పని అయింది. అయినా 2001లో, అరవై ఏళ్లు నిండిన రోజున, ఆ దేశాధ్యక్షుడు క్వాష్నియెఫ్‌స్కీ ఆ ఊరికి వెళ్లి క్షమాపణ అడిగాడు. తనకు జరిగిన అన్యాయాన్ని మరవని జనం, తాము చేసినదాన్ని కూడా ఎత్తి చూపుకోవడం ఎంత కష్టమో నీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంకా ఒప్పుకోనివాళ్లు నీ ఆఫీసులోనే ఉన్నారు. కానీ మాట బయటపడింది. మన దగ్గర ఏటా 17 వస్తే దానికి విమోచనమని పేరు పెట్టాలా, విలీనమని పెట్టాలా అన్న తగాదాతోనే రోజు గడిచిపోతుంది. ఆ రోజుల్లో బతికినవాళ్లను కూర్చోబెట్టి అడిగేవాళ్లు కనబడరు.

అడిగితే చెప్తారన్నా. తెల్లాపూర్‌లో మా బ్లాకు కింద వాకింగ్ ట్రాక్ పక్కన సాయంత్రం పూట ఒక పెద్దాయన కూర్చుంటాడు. ఎనభై ఎనిమిదేళ్లు, జనగామ వైపు మనిషి. కొడుకు దగ్గర ఉంటున్నాడు. చుట్టూ నలభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి, ఆయన పలకరిస్తే ఆగేవాళ్లు తక్కువ. వినాయకుడి నిమజ్జనమైన మరునాడు కూర్చుని అడిగాను. 1948 వానాకాలమంతా రాత్రిపూట ఇంట్లో పడుకోలేదన్నాడు. పొద్దుగూకగానే వాళ్లమ్మ సద్ది మూట కట్టుకుని పిల్లలను జొన్నచేలోకి తీసుకుపోయేదట. తడి నేల మీద గొంగడి. ఎవరికి దగ్గు వచ్చినా కొంగు నోటికి అడ్డంపెట్టి అదిమేదట. ఊళ్లో దూదేకుల ముస్లిం కుటుంబం ఒకటి పగలు వీళ్ల గొడ్లను చూసుకుంది. 17 తర్వాత ఆ కుటుంబం పది రోజులు వీళ్ల గడ్డివాములో దాక్కుంది. ఈ రెండు మాటలూ ఆయన ఒకే గొంతుతో చెప్పాడు. అరవై దాటిన కొడుకు పక్కనే నిలబడి విన్నాడు. తనకెప్పుడూ చెప్పలేదన్నాడు. "నువ్వు అడగలేదు కదరా" అన్నాడు ఆయన.

భాష సంగతి కూడా రాశావు. బిడ్డకు తెలుగు తగ్గిపోతోంది, ఇంట్లోనూ పోలిష్‌లోనే జవాబిస్తోందని నీ దిగులు. ఆమె పోలిష్‌ను మాత్రం తగ్గించకు. ఏడు విభక్తులతో మనం ఎంత తన్నుకులాడాం! పేరు చివర కూడా మారిపోతుంటే, చిన్నప్పుడు బడిలో వల్లెవేసిన డుమువులే ఆసరా అయ్యాయి. భూతకాలంలో నేను వెళ్లానని ఆడమనిషి చెప్పేది వేరు, మగవాడు చెప్పేది వేరు అని మన ఇంటి ఓనరమ్మ ఓపిగ్గా దిద్దేది. ఈయూ దీర్ఘకాల నివాస పర్మిట్‌కు బి1 సర్టిఫికెట్ కావాలి కాబట్టి మొదలుపెట్టాం. కానీ ఆ చదువు తెచ్చిపెట్టింది వేరు. వార్సాలోని వోలాలో మన బస్టాపు వెనక గోడకు ఒక బూడిదరంగు పలక ఉండేది, దాని కింద గాజు బుడ్డిలో కొవ్వొత్తి, ఎరుపూ తెలుపూ రిబ్బను. ఏదో మతానిది అనుకుని దాటిపోయేవాళ్లం. అక్షరాలు కూడినరోజు అర్థమైంది, 1944 ఆగస్టు మొదట్లో ఆ చోట జర్మన్లు కాల్చి చంపిన మనుషుల లెక్క అది. వోలాలో ఆ కొద్ది రోజుల్లోనే పదుల వేల మందిని చంపారు. ఆ తర్వాత వచ్చిన ఆగస్టు 1 సాయంత్రం అయిదు గంటలకు, తిరుగుబాటు గుర్తుగా సైరన్ మోగి నగరమంతా ఆగిపోతే, మనం ఎవరూ చెప్పకుండానే నిలబడ్డాం.

2022లో ఉక్రెయిన్ నుంచి మన తెలుగు మెడికల్ పిల్లలు మెడికా సరిహద్దు దాటి చలిలో నడిచొచ్చినప్పుడు నీ పోలిష్ ఎంత అక్కరకొచ్చిందో నాకు గుర్తుంది. జెషూఫ్ దాకా కారులో వెళ్లి, షెల్టర్లో వాళ్ల జ్వరం సంగతి డాక్టరుకు చెప్పింది నువ్వు, వాళ్ల అమ్మానాన్నలకు ఖమ్మం, గుంటూరు ఫోన్లు చేసి తెలుగులో ధైర్యం చెప్పిందీ నువ్వే. రెండు భాషలూ వచ్చిన మనిషి అక్కడ ఉండబట్టే ఆ పని జరిగింది.

ఇప్పుడు ఆ పని బిడ్డది. మీ బాపు మాటను ఆ క్లాసుకు పోలిష్‌లో చేర్చగలిగినది ఆమె ఒక్కతే. నువ్వు మధ్యలో ఉండి సారాంశం చెప్పొద్దు. ఆయన చేర్యాల మాట ఆయన నోటే వినాలి. అర్థంకాని చోట ఆపి అడగాలి. తెలుగు ఎందుకు నేర్చుకోవాలో ఆ గంటలో ఆమెకే తెలుస్తుంది, నువ్వు పోరు పెట్టనక్కర్లేదు.

ఈ ఆదివారం నేను మీ ఊరు పోతున్నాను. మధ్యాహ్నం రెండింటికి, మీకు అక్కడ పదిన్నరకు, బాపు పక్కన కూర్చుని వీడియో కాల్ కలుపుతాను. ఆయనకు కుడిచెవి సరిగ్గా వినబడదు, బిడ్డను నిదానంగా మాట్లాడమను. ఇవి అడగమను: 1948లో రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు, ఎవరు దాచారు, మీరు ఎవరిని దాచారు, మళ్లీ బడికి ఎప్పుడు పోయారు. చివరిది తప్పకుండా అడగమను, క్లాసు పిల్లలకు అదే దగ్గరగా ఉంటుంది. కాల్ రికార్డు చేసి పెడతాను. ఆయన ఓపిక చూసి ఇంకోసారీ కూర్చుందాం. మీ బాపుకు ఈ వయసులో వచ్చే ఏడాది అడుగుదామనుకునే వీల్లేదు.

17 సాయంత్రం బిడ్డ ఏం చెప్పిందో, పిల్లలు ఏం అడిగారో ఆమెతోనే రాయించి పంపు. బాపుకు చదివి వినిపించే బాధ్యత నాది.

నీ తమ్ముడు