గోడకు ఒక కాగితం

గుమాస్తాగిరీలో మాకు ఇరవై యేండ్లు దాటినవి. బీరువాలో పడిన కాగితం గతి యేమిటో మేము ఎరగనిది కాదు. అయినా మా బిడ్డ కాగితమే ఒకటి యేడాదిపాటు అలా పడివుందని మాత్రం ఎరగకపోతిమి.

మాది డెంకణికోట. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆరో తరగతిలో చిన్నమ్మాయికి మార్కులు తగ్గుతూంటే, భాషే అడ్డమనుకొని మందలిస్తూ వచ్చాము. ఒకనాడు బస్టాండులో, "నాయనా, ఆ హోసూరు బస్సు బోర్డు నీకు ఇంత దూరానికే కనిపిస్తుందా?" అంది. మాకు నోట మాట రాలేదు. వారంలో అద్దాలు వచ్చాయి.

ఆ సంగతి చెప్పబోతే, మేష్టరుగారు బీరువా తీసి ఒక కార్డు చూపారు. పిల్లకు చూపు మందమనీ, ఆస్పత్రికి తీసుకుపోవాలనీ డాక్టర్లు నిరుడే రాసిపోయారు! కబురు మాదాకా రాలేదు. ఆయన నొక్కరినే అని యేమి లాభం? మేమూ యేనాడూ పోయి అడగలేదు.

బడిపిల్లలకు వైద్యపరీక్ష మన దేశంలో 1909లోనే బరోడాలో మొదలైంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమని ఒకటున్నది. డాక్టర్లు, నర్సు కలిసి సర్కారు బడికి యేటా ఒకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షించవలె. పుట్టుకతో వచ్చిన లోపాలు, తిండి చాలక వచ్చేవి, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, అన్నీ చూస్తారు. పై ఆస్పత్రిలో చికిత్స ఉచితం.

ఇంత మంచిపని గుట్టుగా జరగడమెందుకు? ప్రజలు అడగకముందే సర్కారు తన పనుల వివరాలు ప్రకటించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను చెబుతూంది. పది రూపాయలు కట్టి అర్జీ పెట్టి, ముప్పై రోజులు కాచుకోవలసిన సంగతా ఇది? డాక్టర్లు ఎప్పుడు వస్తారు, యేమి చూస్తారు, ఎందరిని చూశారు, ఎందరిని ఆస్పత్రికి పంపారు, ఈ నాలుగు ముక్కలూ బడిగోడ మీద ఉంటే చాలు.

ఇంట్లో ఈ మాట అంటూంటే, "నా పేరు మాత్రం గోడకెక్కించవద్దు నాయనా, అందరూ సోడాబుడ్డి అంటారు" అంది పిల్ల. నిజమే. లెక్క ఊరందరిదీ, పేరు తల్లిదండ్రులది. ఎవరి సొంత సంగతులు వారివేనని ఆ చట్టమూ ఒప్పుకున్నది.

మేష్టరుగారు సరేనన్నారు. తెలుగులోనూ తమిళంలోనూ మేమే రాసి అంటించాము. చదువరులారా, మీ పిల్లల కార్డు కూడా ఒకసారి అడిగి చూడండి.

మా అమ్మాయి అద్దాలు పెట్టుకొని గేటు దగ్గరనుంచే ఆ కాగితం చదివింది. చదివి, మా తమిళంలో ఒక తప్పు పట్టింది!