అదిలించాలా, వద్దా?

ఓవర్‌క్లాకింగ్‌ను తెలుగులో ఏమనాలో చాలాసేపు ఆలోచించాను. "అతిగడియారం" అంటే నవ్వు వస్తుంది. "అధికవేగీకరణ" అంటే ప్రభుత్వ ఉత్తర్వులా ఉంటుంది. తన నడకన తాను పోతున్న ఎద్దును బండి తోలేవాడు నాలుక చప్పరించి, తోక మెలిపెట్టి తరుముతాడు చూడండి, ఆ "అదిలింపు" అన్న మాట నాకు నచ్చింది. ప్రాసెసరును తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి పరిగెత్తించడం కూడా అలాంటిదే.

నా కంప్యూటరును అదిలించమని మా మేనల్లుడు నెల రోజులుగా పోరుతున్నాడు. అందులో ఉన్నది 2012లో వచ్చిన ఇంటెల్ ఐ5-3570కె. చివరనున్న ఆ "కె" అక్షరమే వాడి వాదనకు బలం. "గుణకానికి తాళం వెయ్యకుండా అమ్మారంటే అదిలించుకోమనే కదా మామయ్యా!" అంటాడు. కాదనలేను.

ఈ విద్యకు ముచ్చటైన చరిత్రే ఉంది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ చిప్పుకు బస్సు వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే చాలు, 300 కాస్తా 450 అయ్యేది. ఎంతో ఖరీదైన పెంటియం-2తో పోటీకి దిగేది. 2000 ప్రాంతంలో ఏఎండీ వారి డ్యూరాన్, అథ్లాన్ చిప్పుల మీద తెగి ఉన్న సన్నని గీతలను మామూలు పెన్సిలుతో కలిపి గుణకం తాళం ఊడదీసేవారు. గ్రాఫైటులో విద్యుత్తు పారుతుంది మరి! పిల్లలు అక్షరాలు దిద్దుకునే పెన్సిలుకు అంతటి ప్రయోజకత్వం ఉందని తెలిసిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఇదంతా ఎలా సాధ్యమంటే, ఒకే అచ్చున పుట్టిన చిప్పులన్నీ ఒకే సత్తువతో పుట్టవు. వాటిలో బలహీనమైనది కూడా మోయగలిగిన వేగాన్నే తయారీదారు పెట్టె మీద ముద్రిస్తాడు. గట్టి చిప్పులో మిగిలిపోయిన ఆ సత్తువే మనం పిండుకునేది. ఇప్పటి చిప్పులు తమంతట తామే అంచుదాకా పరిగెత్తుతున్నాయి కనుక ఆ మిగులు బాగా తగ్గిపోయింది.

నా లెక్క చెబుతాను. ఈ ప్రాసెసరు అసలు వేగం 3.4 గిగాహెర్ట్జ్, అవసరమైనప్పుడు తానే 3.8 దాకా పోతుంది. 4.2కు అదిలిస్తే పది గంటల పని తొమ్మిది గంటల్లో తెములుతుంది. అందుకోసం వోల్టేజీని కూడా పదో వంతు పెంచవలసి వచ్చిందనుకోండి. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టీ, వేగాన్ని బట్టీ పెరుగుతుంది కనుక దాదాపు మూడో వంతు ఎక్కువ వేడి పుడుతుంది. ఆ వేడిని ఫ్యాను తోసేది గదిలోని గాలిలోకే కదా. బెజవాడ మే నెలలో ఆ గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

అయినా కాలిపోతుందన్న భయం నాకు లేదు. మరీ వేడెక్కితే చిప్పు తనంతట తానే నెమ్మదిస్తుంది, ఇంకా మించితే ఆగిపోతుంది. నా భయమల్లా ఆగకుండా తప్పు చేస్తుందేమోనని. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే రేమండ్ చెన్ 2005లో ఒక ఉదంతం రాశాడు. కొన్ని కంప్యూటర్లు కుప్పకూలిన చోటు చూస్తే, అక్కడున్నది ఒక రిజిస్టరును సున్నా చేసే ఆదేశం. మెమరీతో పని లేదు, విఫలం కావడానికి దారే లేదు. ఆరా తీస్తే అవి అదిలించిన యంత్రాలు! కొందరు యజమానులకు ఆ సంగతే తెలియదు; అమ్మినవారే గుట్టుగా అదిలించి అంటగట్టారు. కుప్పకూలిన యంత్రం కనీసం తన తప్పు తాను చెప్పుకుంది. ఒక్క అంకె తారుమారైనా పడిపోకుండా నడిచిపోయే యంత్రం మాటేమిటి?

నా కంప్యూటరు చేస్తున్న పని నాన్నగారు రికార్డు చేసుకున్న హరికథల క్యాసెట్లను శుభ్రం చేయడం. ఎనభై క్యాసెట్లు. టేపులకు బూజు పట్టింది. కొన్ని ఎక్కించేటప్పుడే తెగిపోయాయి. వాటికిక డిస్కులో ఉన్నదే ప్రతి. అందులో ఎక్కడో ఒక ఫైలు పాడైతే, ఎవరైనా ఆ కథను మొదటినుంచి చివరిదాకా విన్న రోజునే బయటపడుతుంది. ఎనభై గంటలు కూర్చుని వినేవారు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.

ప్రైమ్95ను రాత్రంతా నడిపి పరీక్షిద్దామంటాడు మేనల్లుడు. మంచి పరీక్షే, జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించి సరిచూస్తుంది. కానీ జనవరి రాత్రి నెగ్గిన చిప్పు మే మధ్యాహ్నం కూడా నెగ్గుతుందని ఆ పరీక్ష హామీ ఇవ్వదు. వాడు ఆటలు ఆడుకునే యంత్రమైతే నేనే దగ్గరుండి అదిలించేవాణ్ణి. తెర మీద రాక్షసుడికి ఒక కన్ను తగ్గితే ఎవరికి నష్టం?

పది గంటల పని పది గంటలే పట్టనీ అన్నాను. హరికథలన్నీ పూర్తయి, మూడు డిస్కుల్లోకి చేరి, వేరే కంప్యూటరు మీద సరిచూడడం అయ్యాక ఈ యంత్రాన్ని వాడికే ఇచ్చేస్తాను. ఆపైన 4.5 దాకా తోలుకుంటాడో ఏంచేస్తాడో వాడిష్టం. పెద్ద ఫ్యాను మాత్రం వాడే కొనుక్కోవాలి.