కొత్త మదర్‌బోర్డు – పాత నత్తనడక



మన హాస్టల్లో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్. స్కాలర్‌షిప్ రెన్యువల్ ఫారం నింపాలన్నా, ప్రాజెక్టు రికార్డు టైపు చేయాలన్నా, హాల్ టికెట్ తీసుకోవాలన్నా దాని ముందే వరుస కట్టాలి. చేతికి సెల్‌ఫోన్లు వచ్చాక ఆ వరుస తగ్గింది గాని పోలేదు. బయట నెట్ సెంటర్‌కు వెళ్తే ప్రతి పేజీకీ డబ్బులే. అందుకే అది మూలన పడితే మనకు మెస్ బిల్లు ఆగినంత కష్టం.

పోయిన ఏడాది దాని మదర్‌బోర్డు కాలిపోయింది. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకొని, ఒక ఆఫీసులో వాడి తీసేసిన బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కొని ఇచ్చాం. డిప్లొమా చదువుతున్న ఒక తమ్ముడు వార్డెన్ సార్ అనుమతితో తానే బిగించాడు. హార్డ్ డిస్క్ మాత్రం పాతదే ఉంచాడు. ఎందుకంటే మన అయిదు బ్యాచుల ప్రాజెక్టులు, నోట్సులు అందులోనే ఉన్నాయి.

కంప్యూటర్ లేచింది. కానీ లేవడానికి ఆరు నిమిషాలు! “అన్నలిచ్చిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరైంది” అని కొందరన్నారు. “చేతకాని పని ఎందుకు పెట్టుకున్నావురా” అని ఇంకొందరు. ఒక రిపేరు షాపతను చూసి, డిస్క్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి అన్నాడట. తమ్ముడు కంప్యూటర్ గదిలోకి వెళ్ళడమే మానేశాడు. ఒక రాత్రి నాకు ఫోన్ చేసి, “అన్నా, నేనేం పాడుచేయలేదన్నా” అన్నాడు. నేను కంప్యూటర్ సర్వీసింగ్ చేసుకొని బతికేవాణ్ణి. “నువ్వు పాడుచేశావో లేదో గడియారం చెప్తుంది. ఆదివారం వస్తాను, అంతదాకా ఎవర్నీ ఫార్మాట్ కొట్టనివ్వకు” అన్నాను.

వెళ్ళగానే ముందు మన ఫైళ్ళన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేశాం. రిపేరులో ఇదే మొదటి మెట్టు. తర్వాత తమ్ముడి చేతికి వాచీ ఇచ్చాను. పవర్ నొక్కినప్పటి నుంచి విండోస్ గుర్తు కనిపించేదాకా ఒక భాగం, అక్కడి నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా రెండో భాగం. మొదటి భాగం ఆలస్యమైతే వెతకాల్సింది బోర్డు సెట్టింగుల్లో. రెండోది ఆలస్యమైతే డిస్క్, కేబుల్, డ్రైవర్లలో. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా పూర్తిగా కొత్తగా లేవదు. కాబట్టి రీస్టార్ట్ చేసి కొలవాలి.

మా లెక్కలో మొదటి భాగం 1 నిమిషం 20 సెకన్లు. రెండోది 4 నిమిషాల 50 సెకన్లు. అంటే జబ్బు ఒకటి కాదు, రెండు.

మొదటిదానికి ముందు తేదీ చూశాం. బోర్డు మీద ఉండే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, సెట్టింగులు నిలవవు. తేదీ సరిగ్గానే ఉంది. డీడీఆర్5 బోర్డులైతే మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అప్పుడు కంగారుపడి కరెంటు తీయకూడదు. మనది డీడీఆర్4, పైగా ప్రతిసారీ ఆలస్యమే. డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి వెళ్ళి చూస్తే బూట్ వరుసలో నెట్‌వర్క్ ముందుంది! ఆ బోర్డు ఇదివరకు ఆఫీసులో సర్వర్ నుంచి లేచేది. ఇక్కడ కూడా లాన్ వైరు ఉండేసరికి, లేని సర్వర్ కోసం వెతికి వెతికి, విసిగి, అప్పుడు డిస్క్ దగ్గరకు వస్తోంది. విండోస్ బూట్ మేనేజర్‌ను ముందుకు తెచ్చాం. 15 సెకన్లకు దిగింది.

ఇక రెండోది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే 129, 153 నంబర్ల హెచ్చరికలు వరుసగా ఉన్నాయి. డిస్క్‌ను అడిగిన పని అందక మళ్ళీ మళ్ళీ అడుగుతోందని వాటి అర్థం. షాపతని మాటే నిజమేమో అని తమ్ముడి ముఖం వాడిపోయింది. అప్పుడు డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టిక చూశాం. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు సున్నా. కానీ 199వ వరుసలోని సీఆర్‌సీ తప్పుల లెక్క మాత్రం వందల్లో ఉంది. ఈ లెక్క పెరిగితే ముందు అనుమానించాల్సింది డిస్క్‌ను కాదు, బోర్డుకూ డిస్క్‌కూ మధ్యనున్న సాటా కేబుల్‌ను. అది మన పాత క్యాబినెట్‌లో ఏళ్ళ తరబడి మడతపడి ఉన్నదే. వంద రూపాయలలోపు కొత్త కేబుల్ తెచ్చి తమ్ముడి చేతే పెట్టించాను. 

ఆ 199 లెక్క ఇక సున్నాకు రాదు. జరిగిన తప్పులు అందులో అలాగే ఉంటాయి. పెరగకుండా ఉంటే చాలు. సాయంత్రందాకా చూశాం, ఒక్కటీ పెరగలేదు. చిప్‌సెట్ డ్రైవర్లు కూడా కొత్తవి వేశాక మొత్తం సమయం ఒకటిన్నర నిమిషం. తిరిగే డిస్క్‌తో అంతకన్నా పెద్దగా తగ్గదు. ఎస్ఎస్‌డీ పెడితే ఇంకా తగ్గుతుంది, అది వచ్చే ఏడాది మా బ్యాచ్ వంతు.

తమ్ముళ్ళారా! ఆ రోజు ఫార్మాట్ కొట్టి ఉంటే అయిదు బ్యాచుల కష్టం పోయేది, కేబుల్ మాత్రం అలాగే ఉండేది. పాత వైరు, ఎవరో పెట్టిన సెట్టింగు చేసిన పనికి మన పిల్లవాడు మాటలు పడ్డాడు. ఏదైనా చెడితే ముందు ఫైళ్ళు దాచండి, తర్వాత కొలవండి, ఒకసారికి ఒక్కటే మార్చండి, మళ్ళీ కొలవండి. అంతవరకూ ఎవర్నీ ఏమీ అనకండి. మన ఇళ్ళల్లో కంప్యూటర్ ఎరిగినవాళ్ళు లేరు, మనకు నేర్పేది ఇలా విప్పి చూసే పనే. స్క్రూడ్రైవర్ పట్టినవాడిని వెక్కిరిస్తే రేపు ఎవడూ పట్టడు.

ఇప్పుడు ఆ తమ్ముడు కంప్యూటర్ పక్కనే ఒక నోట్‌బుక్ పెట్టాడు. ఏ రోజు ఏం మార్చాడో, ఎన్ని సెకన్లు పట్టిందో అందులో రాస్తున్నాడు. చదివి మీరూ రాయండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థి